గమనించుట వేఱు, నడుపుట వేఱు

మన పాఠశాల పిల్లలలో పలువురు నేడు ఇంటియొద్ద కంప్యూటరును వాడుచున్నారు. అది మందగించినప్పుడు ఏ ప్రోగ్రాము ఎంత మెమరీని వాడుకొనుచున్నదో చూపు సాధనములు కలవు. విండోసులోని టాస్కు మేనేజరు, లినక్సులోని ‘పీఎస్’, ‘టాప్’ అట్టివి. ఇట్టి పరిశీలన సాధనములకును, యంత్రమును నడుపు మూలభాగమునకును నడుమ ఒక గోడ యేల యుండవలెనో తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆపరేటింగు సిస్టము యొక్క మూలభాగమును కెర్నెలు అందురు. ఆ ఆంగ్లపదమునకు గింజలోని పప్పు అని అర్థము. ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడువవలెను, దేనికెంత మెమరీ యీయవలెను అను నిర్ణయములు దానివే. సామాన్యమైన ప్రోగ్రాము తప్పు చేసినచో కెర్నెలు దానిని మాత్రమే ఆపివేయును. తక్కినవి నడచుచునే యుండును. కెర్నెలులోనే పెద్ద తప్పు జరిగినచో యంత్రమంతయు నిలిచిపోవును.

పూర్వము యునిక్సులో ‘పీఎస్’ అను సాధనము కెర్నెలు యొక్క మెమరీని నేరుగా తెఱచి చదివెడిది. ఏ వివరము ఏ స్థానమున నున్నదో దానికి తెలిసియుండవలెను. కెర్నెలులో మార్పు చేయగా ఆ అమరిక కదలినచో, పీఎస్ తప్పులెక్కలు చూపెడిది. దానినిగూడ తిరిగి సిద్ధపఱుపవలసి వచ్చెడిది. అంతేగాక, ఆ మెమరీని చదువుటకు దానికి ప్రత్యేకాధికారము నీయవలసి యుండెను. హాజరు లెక్క చూడవచ్చినవానికి బీరువా తాళములన్నియు అప్పగించినట్లుండెను.

1984లో బెల్ లాబొరేటరీసుకు చెందిన టామ్ కిలియన్ వేఱొక మార్గమును వివరించెను. నడచుచున్న ప్రతి ప్రోగ్రామును ఒక ఫైలువలె కనబఱచుటయే ఆ మార్గము. లినక్సు ఈ పద్ధతిని మిక్కిలి విస్తరింపజేసెను. అందు ‘ప్రాక్’ అను డైరెక్టరీలోని ఫైళ్లు డిస్కుపై నుండవు. చదువగోరినప్పుడు కెర్నెలే ఆ క్షణమునందలి వివరములను వ్రాసి యిచ్చును. హాజరు పట్టీని ప్రధానోపాధ్యాయుడే తెచ్చి చూపినట్లన్నమాట. లోపలి అమరిక ఎట్లు మారినను, పట్టీ రూపము మారకున్నచో చూచువానికి చిక్కులేదు.

ఈ గోడ లేనిచో ఏమగునో 2024 జూలై 19న లోకము చూచినది. క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ యొక్క రక్షణ సాధనము కంప్యూటరులో జరుగు పనులను కనిపెట్టి చూచునది. దానిలోని ఒక భాగము విండోసు కెర్నెలులోపలనే పనిచేయుచుండెను. ఆనాడు పంపబడిన ఒక సమాచార ఫైలులోని దోషమువలన ఆ భాగము తనకు కేటాయింపని మెమరీని చదువబోయెను. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు నిలిచిపోయెను. అనేక దేశములలో విమానములు ఆగెను. ఆసుపత్రుల పనులు స్తంభించెను. పెక్కు యంత్రములను మనుష్యులు ఒక్కొక్కటిగా బాగుచేయవలసి వచ్చెను.

అయితే కొన్ని సంగతులు బయటనుండి కనబడవనుట నిజమే. అందుకును ఉపాయము కలదు. 2014 నుండి లినక్సులో ‘ఈబీపీఎఫ్’ అను ఏర్పాటు వచ్చినది. చిన్న ప్రోగ్రామును లోనికి రానిచ్చుటకు ముందే, అది అంతులేక తిరుగునా, కూడని మెమరీని ముట్టునా అని కెర్నెలు పరీక్షించును, తప్పినదానిని త్రోసివేయును.

ఇది నిపుణులకే సంబంధించిన విషయమని తల్లిదండ్రులు తలపరాదు. నేడు కొన్ని ఆటల వెంట, ఆటలో మోసమును పట్టుటకని, కెర్నెలులో ప్రవేశించు ప్రోగ్రాములు వచ్చుచున్నవి. కావున పిల్లలకు సామాన్యమైన ఖాతా నిచ్చి, సర్వాధికారముగల ఖాతా యొక్క రహస్యపదమును పెద్దలు తమయొద్ద నుంచుకొనవలెను. ఏ ప్రోగ్రామైనను సర్వాధికారమును కోరినచో, దాని పనికి ఇంత అధికారము అవసరమా యని పిల్లవానినే అడుగవలెను. వైద్యుడు నాడి పట్టి రోగమును తెలిసికొనును గాని, ప్రతిమారు గుండెను కోసి చూడడు. ఈ వివేకము మన పిల్లలకు అలవడినచో, రేపు యంత్రములను నిర్మించువారైనప్పుడు అది వారికి తోడుపడును.