బెండు గాలానికి తగిన రీలు – ఒక పరిశీలన

చేపలు పట్టడం ఆకలి తీర్చుకొనే వృత్తిగా ఎంత ప్రాచీనమో, మనసును ఒకచోట నిలుపుకొనే వినోదంగా కూడ దాదాపు అంత ప్రాచీనమే. వృత్తికి వల ముఖ్యం. వినోదానికి గాలం ముఖ్యం. మన నగరానికి పడమటి దిక్కున 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటి నుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాల రూపమే మారిపోయింది. ఒకనాడు గోలకొండ కోటకు నీరందించినదని చెప్పుకొనే దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైంది. ఆ ప్రాంతపు అద్దాల మేడలలో వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చొనే యువకులలో, మన పూర్వ విద్యార్థులతో సహా, కొందరు సెలవు దినాన గాలపు కర్ర పట్టుకొని నీటి దరులకు పోవడం మేము ఎరిగినదే. వారు తరచుగా మమ్ములను అడిగే ప్రశ్న ఒకటి కలదు: “పారే ఏటిలో బెండు కట్టి గాలం వేయడానికి ఏ రీలు కొనవలె?” ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే వినిపిస్తాయి కనుక పదాల సంగతి ముందుగా చెప్పుకొందాము. తెలుగులో గాలం, ఎర, దారం అనే వాటిని ఉర్దూ మిత్రులు కాంటా, చారా, డోర్ అంటారు. దారం చుట్టే సాధనానికి మాత్రం తెలుగులో స్థిరమైన మాట లేదు. మన తాతల గాలానికి వెదురు కర్ర, కర్ర కొసకు కట్టిన దారం తప్ప చుట్టే పరికరమే లేదు గదా! అందుచేత తెలుగువారు రీలు అన్నారు. ఉర్దూవారు గాలిపటాల మాటనే తెచ్చి చర్ఖీ అన్నారు. ఆ గాలిపటపు చర్ఖీ మనకు ఈ పాఠంలో చాల ఉపకరిస్తుంది.

రీలు పుట్టుపూర్వోత్తరాలు

దారం చుట్టే చక్రం చైనాలో పుట్టినదని పండితుల అభిప్రాయం. సుమారు 1195లో మా యువాన్ అనే చిత్రకారుడు వేసిన చిత్రంలో చిన్న పడవలో కూర్చున్న జాలరి కర్రకు చక్రం అమరి ఉన్నది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణంలో కొయ్య చక్రపు రీళ్ళు తయారై, ట్రెంట్ నది మీద బెండు గాలం వేసేవారికి ప్రియమైనవి. 1905లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లు యజమాని కొత్త పద్ధతి రీలుకు పేటెంటు పొందాడు. నూలు యంత్రం మీద కండె తిరగకుండానే దాని కొస నుండి దారం ఊడి రావడం ఆ ఊహకు మూలమంటారు.

ఈ రెండు పద్ధతుల భేదం మన కళ్ళ ముందే ఉన్నది. సంక్రాంతికి గాలిపటం ఎగురవేసేటప్పుడు చర్ఖీ తానే గిరగిర తిరిగి దారం వదులుతుంది. అది మొదటి పద్ధతి. పోచంపల్లి మగ్గం మీద నాడె పరుగెత్తేటప్పుడు దానిలోని కండె కదలదు. దారం కొస మీదుగా జారి వస్తుంది. అది రెండవ పద్ధతి. ఈ భేదం మనసున పట్టిన విద్యార్థికి రీళ్ళ శాస్త్రం సగం తెలిసినట్లే.

ప్రవాహంలో బెండు నడక

చెరువులో బెండు నిలిచి ఉంటుంది, ఏటిలో నడుస్తుంది. పైనీటి వేగం ఎక్కువ, అడుగునీటి వేగం తక్కువ. అడుగున ఇసుక, రాళ్ళ ఒరిపిడి వలన ప్రవాహం మందగించడమే ఇందుకు కారణం. బెండును దాని ఇష్టానికి వదలితే అది పైనీటితో పరుగెత్తి, కింది ఎరను తన వెనుక ఈడ్చుకొని పోతుంది. అలా ఈడ్వబడే ఎరను చేప నమ్మదు. దారాన్ని స్వల్పంగా నిలువరిస్తూ వదలితే బెండు కొంత నెమ్మదించి, ఎర ముందు, బెండు వెనుకగా సాగుతాయి; ఏటిలో సహజంగా కొట్టుకొని వచ్చే తిండి వలె కనబడుతుంది. వదలడం, నిలపడం అనే రెండు పనులనూ వేలి కొసతో చేయనిచ్చేదే మంచి రీలు. దూరం విసరడం, వేగంగా చుట్టడం దాని తరువాతి గుణాలు.

లోతు కూడ గమనింపదగినది. బొచ్చె పైనీటిలోను, రవ్వ నడిమి నీటిలోను, మోసు అడుగునను మేస్తాయి. బెండుకూ గాలానికీ నడుమ దారపు పొడవు ఈ అలవాట్లను బట్టి మార్చుకొనవలెను.

నాలుగు రకాల రీళ్ళు

మొదటిది సెంటర్‌పిన్. ఒక ఇరుసు, దాని మీద ఒక చక్రం, అంతే. చక్కగా చేసిన సెంటర్‌పిన్ బెండు లాగే కొద్దిపాటి బలానికే తిరుగుతుంది. బొటనవేలు చక్రపు అంచు మీద ఆనించితే బెండు ఆగుతుంది, తీస్తే సాగుతుంది. బెండు నడిపే విద్యకు ఇంతకన్న సున్నితమైన పరికరం లేదు. కాని దూరం విసరడం దానితో కష్టం; నేర్చుకొనడానికి ఓర్పు కావాలి; మన బజారులో సులభంగా దొరకదు.

రెండవది స్పిన్నింగ్ రీలు, అనగా ఇల్లింగ్‌వర్త్ సంతతి. బెయిల్ అనే వంపు తీగను తెరిస్తే దారం కండె కొస నుండి జారిపోతుంది. చూపుడువేలును కండె అంచుకు ఆనించి నిలువరింపవచ్చును. తేలిక బెండును కూడ దూరం విసరగలదు. దొరకడం సులభం, ధర అందుబాటు.

మూడవది మూత రీలు. కండె ముందు మూత ఉండి, మీట నొక్కగానే దారం వదులుతుంది. గాలి వీచేటప్పుడు దారం చిక్కుపడదు. అయితే పెద్ద చేప పరుగుకు దీని పట్టు సాధారణంగా చాలదు.

నాలుగవది మల్టిప్లయర్. బరువైన ఎరకు, పెద్ద చేపకు బలమైనది. తేలిక బెండును విసిరినప్పుడు మాత్రం చక్రం దారం కన్న వేగంగా తిరిగి గూడు కట్టుకొంటుంది. బెండు గాలానికి ఇది తగదు.

కొంత గణితం

చుట్టు వేగాన్ని అంగడివారు 5:1 అని చెబుతారు. పిడి ఒకసారి తిప్పితే రోటరు ఐదుసార్లు తిరుగుతుందని అర్థం. దారం నిండిన కండె వ్యాసం 5 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 15.7 సెంటీమీటర్లు, ఐదు చుట్లకు 78.5 సెంటీమీటర్ల దారం లోపలికి వస్తుంది. 10 సెంటీమీటర్ల సెంటర్‌పిన్ ఒక చుట్టుకు 31.4 సెంటీమీటర్లు మాత్రమే తెస్తుంది. ముప్పయి మీటర్ల దిగువకు సాగిన బెండును తిరిగి తెచ్చుకొనడానికి మొదటిదానికి సుమారు 38 చుట్లు, రెండవదానికి సుమారు 96 చుట్లు. రోజంతా బెండు వదలుతూ, చుట్టుతూ ఉండేవారి మణికట్టుకు ఈ తేడా తెలుస్తుంది.

దారపు మందం రెండింతలైతే అది ఆక్రమించే చోటు నాలుగింతలవుతుంది. 0.20 మిల్లీమీటర్ల దారం 200 మీటర్లు పట్టే కండె మీద 0.30 మిల్లీమీటర్ల దారం సుమారు 89 మీటర్లే పడుతుంది. కనుక “ఎంత దారం పడుతుంది?” అని అడిగేవారు “ఎంత మందం దారం?” అని కూడ అడగవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది డ్రాగ్ అనే పట్టు లెక్క. చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కండె జారి దారం వదిలే ఏర్పాటు ఇది. దారం తెగే బలంలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు దీనిని బిగించుట మంచిది. నాలుగు కిలోల దారమైతే లీటరు నీరు నింపిన సీసా చాలును. దారాన్ని నేరుగా రీలు నుండి సీసాకు కట్టి ఎత్తినప్పుడు కండె మెల్లగా జారవలెను, కుదుపులతో జారరాదు. ఇక్కడ మరొక సూక్ష్మమున్నది. దారం వెలుపలికి పోయే కొలది కండె మీద మిగిలిన చుట్ట సన్నబడుతుంది. బిగింపు మారకున్నను, చుట్ట వ్యాసం సగమైనప్పుడు చేప లాగవలసిన బలం రెండింతలవుతుంది.

ఈ సూక్ష్మం మేము పుస్తకంలో నేర్చినది కాదు. కొన్నేళ్ళ క్రితం కృష్ణా తీరాన ఒక ఉదయం బెండు మునిగింది. బేరింగుల సంఖ్య చూసి మురిసి కొన్న రీలు మా చేతిలో ఉన్నది. చేప పోకూడదనే ఆత్రంతో పట్టును పూర్తిగా బిగించాము. చేప నడి ఏటికి పరుగెత్తింది, కండె మీది చుట్ట సన్నబడింది, దారం తెగింది. తరువాత ఆ బెండు నీటి మీద తేలి, కొంత దూరం ఎదురు ప్రవాహంలో పోయి, మునిగి, మరల తేలడం చాలసేపు చూస్తూ నిలబడ్డాము. చేప మాకు దక్కలేదు; దాని ప్రాణం దానికీ దక్కి ఉండదు. తెగిన దారంతో, నోటిలో గాలంతో, వెంట లాగే బెండుతో అది ఎక్కడో ఒక కంపలో చిక్కుకొని ఉంటుంది. తప్పు రీలుది కాదు, మాది. రీలు ఎంపికను ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఆ ఉదయమే.

అంగడిలో పరీక్ష

కొత్తవారికి మా సలహా ఇది. 2500 లేక 3000 కొలత గల మధ్యరకం స్పిన్నింగ్ రీలు, 0.25 మిల్లీమీటర్ల నైలాను దారం, పది అడుగులకు తగ్గని కర్ర. కర్ర పొడవైన కొలది దారాన్ని నీటికి పైన ఎత్తి పట్టుకొనడం సులభం. బేరింగుల సంఖ్య చూసి మోసపోరాదు; వాటి నాణ్యత సంఖ్యలో కనబడదు. పట్టు బాగా సడలించి, దారం చేతితో లాగి చూడండి. నూనె పోసినట్లు సాఫీగా రావలెను. పిడిని అటూ ఇటూ కదపండి, వదులుగా ఆడరాదు. బెయిల్ తీగను పదిసార్లు తెరిచి మూయండి. దారం మలుపు తిరిగే చిన్న రోలరు స్వేచ్ఛగా తిరుగుచున్నదో లేదో చూడండి. అది నిలిచిపోతే దారం అరిగిపోతుంది. రీలును కర్రకు బిగించి చేతిలో ఎత్తి చూడండి; పగలంతా మోయవలసిన బరువది. దారాన్ని కండె అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపు వరకు నింపండి. తక్కువైతే విసురు చేరదు. ఎక్కువైతే చుట్లు ఊడిపడతాయి.

వాడుకలో ఒక నియమం. చేప దారం లాగుకొని పోతూ పట్టు జారుచున్నప్పుడు పిడి తిప్పరాదు. ఆ సమయంలో 5:1 రీలు పిడిని ఒకసారి తిప్పితే దారంలో ఐదు మెలికలు పడతాయి; దారం రాదు, మెలిక మిగులుతుంది. ఇల్లు చేరిన తరువాత తడి గుడ్డతో తుడిచి, పట్టు సడలించి, రోలరుకు ఒక బొట్టు కుట్టుమిషను నూనె వేస్తే రీలు ఏళ్ళ తరబడి పని చేస్తుంది. ఓర్పు కుదిరిన తరువాత సెంటర్‌పిన్ దొరికితే దానిని అభ్యసించండి. బెండును చేతితో నడిపే ఆనందం అప్పుడు తెలుస్తుంది.

నీటి మర్యాద

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన పిదప విశ్వేశ్వరయ్య సలహాలను అనుసరించి కట్టినవే మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. నగరం నడుమ మూసీ నేడు మురుగును మోయుచున్నది. అక్కడి చేప తినదగినది కాదు. కనుక పారే నీరు కోరేవారు నగరం దాటి పోవలసినదే. మంజీరలో అభయారణ్యపు హద్దులలో గాలం వేయరాదు. అది మొసళ్ళ నివాసం. ఇతర చోట్ల నీరు చాల వరకు మత్స్యకారుల సహకార సంఘాల జీవనాధారం. మన వినోదం వారి అన్నం; అనుమతి అడిగి మరీ గాలం వేయాలి. వాన కాలంలో గుడ్లతో ఎదురీదే చేపలను విడిచిపెట్టండి. తెగిన నైలాను దారం మట్టిలో కలియదు. పక్షుల కాళ్ళకు ఉరి అవుతుంది. ఆ ప్రమాదం చూసియే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాను మాంజాను నిషేధించింది. మన దారపు ముక్కలను మనమే ఇంటికి తెచ్చుకొనవలెను.

చివరగా ఒక హెచ్చరిక. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువ ఆనకట్ట నుండి నీరు వదలగా, హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకొనిపోయి ప్రాణాలు కోల్పోయారు. ఆనకట్ట దిగువన ఏటి నడిమి బండల మీద కూర్చొని గాలం వేయకండి. సైరను మోగినా, నీటి రంగు మారినా, మీ ముందరి బెండు ఉన్నట్టుండి వేగం పుంజుకొన్నా, కర్రను అక్కడే వదలి గట్టెక్కండి. రీలు మరల కొనుక్కొనవచ్చును.