గజ్జి ఒకరికి, మందు ఇంటిల్లిపాదికి



హాస్టలు నుండి సెలవులకు వచ్చిన బిడ్డ రాత్రంతా గోక్కుంటూ ఉంటే ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకునే ఇళ్ళు మన కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఉన్నాయి. గజ్జి అని అనుమానం వచ్చినా పైకి చెప్పడానికి సిగ్గు. ఈ సిగ్గువల్లనే ఒక బిడ్డకు వచ్చిన జబ్బు ఇల్లంతా పాకుతుంది.

లేవీయకాండము 13వ అధ్యాయంలో, చర్మంపై మచ్చ లేచినవాడు యాజకునికి చూపించుకోవాలని, అనుమానం ఉంటే యాజకుడు ఏడు దినాల తరువాత మరల చూడాలని నియమం ఉంది. ఈనాడు ఆ పరీక్ష వైద్యునిది. కాని దాచకుండా చూపించుకోవడం, ఒకసారితో ఊరుకోకపోవడం అనే రెండు సంగతులు గజ్జి విషయంలో నేటికీ అవసరమే.

కారణం ఏమిటి?

గజ్జి పాపఫలం కాదు, వేడివల్ల వచ్చేదీ కాదు. కంటికి ఆననంత చిన్న పురుగు చర్మం పైపొరలో సొరంగం తొలిచి గుడ్లు పెట్టడంవల్ల వస్తుంది. 1687లో ఇటలీలోని లివోర్నో రేవుపట్నంలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోని అనే ఔషధాల నిపుణుడు ఈ పురుగును సూక్ష్మదర్శినిలో చూచి, గజ్జికి కారణం ఇదేనని తెలిపారు. కారణం తెలిసిన తరువాత రోగిని నిందించడం న్యాయం కాదు గదా!

క్షణంసేపు చేయి కలిపితే ఇది సాధారణంగా అంటదు. ఒకే పక్కమీద పడుకోవడం, బిడ్డను ఎత్తుకుని తిరగడం వంటి ఎక్కువసేపటి స్పర్శవల్ల అంటుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెనను చూచిన దివిసీమకు తుఫాను షెల్టర్లు కొత్త కాదు. అలాంటిచోట కుటుంబాలన్నీ పక్కపక్కనే పడుకున్నప్పుడు రోజూ స్నానం చేసేవారికి కూడా సోకవచ్చు.

గుర్తించడం ఎలా?

దురద రాత్రిపూట ఎక్కువ. వేళ్ళ సందుల్లో, మణికట్టుమీద, చంకల్లో, బొడ్డు చుట్టూ, మొలతాడు కట్టేచోట, పిరుదులమీద, మర్మాంగాలమీద చిన్న పొక్కులు లేస్తాయి. పసిబిడ్డలకు అరచేతుల్లో, అరికాళ్ళలో, తలమీద కూడా వస్తాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి దురద ఉంటే ముందుగా గజ్జినే అనుమానించాలి. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి పాకేది తామర. దాని మందు వేరు. డాక్టరును అడగకుండా స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే దురద తగ్గినట్టుంటుంది గాని జబ్బు పోదు.

మొదటిసారి సోకినవారికి నాలుగు నుండి ఆరు వారాల వరకు దురద తెలియకపోవచ్చు. ఈలోగా వారినుండి ఇతరులకు అంటుతుంది. అందుకే దురద లేనివారు కూడా మందు వాడాలి.

చికిత్స

డాక్టరు సాధారణంగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. ఇంట్లో అందరూ ఒకే రాత్రి, మెడ నుండి అరికాళ్ళ వరకు, గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో ఎక్కడా వదలకుండా రాసుకోవాలి. పొక్కులున్నచోట మాత్రమే రాస్తే లాభం లేదు. 8 నుండి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే మళ్ళీ రాయాలి. గుడ్ల నుండి వచ్చిన పురుగులు చచ్చేందుకు వారం తరువాత రెండవసారి రాయాలి. పసిబిడ్డలకు, గర్భిణులకు డాక్టరు సలహామీదనే వాడాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా ఉన్నాయి గాని, 15 కిలోలలోపు పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.

ఆ మరునాడే బట్టలు, దుప్పట్లు, తువాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండవేయండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులకు తక్కువ కాకుండా మూటకట్టి ఉంచండి. చేలో చల్లే పురుగుమందు, కిరోసిన్ ఒంటికి రాయడం ప్రాణాపాయం.

మందు సరిగా వాడినా దురద రెండు నుండి నాలుగు వారాలు ఉండవచ్చు. నెల దాటినా తగ్గకపోతే మళ్ళీ చూపించండి. గోకినచోట చీము పడితే ఆలస్యం చేయవద్దు. ఆ చీము క్రిములవల్ల మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. ముఖం వాచినా, మూత్రం ఎర్రబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

చివరిగా ఒక మాట. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ప్రభువు కుష్ఠరోగిని చేయి చాచి తాకి స్వస్థపరచారు. గజ్జి ఉన్న బిడ్డను కసరి దూరంగా కూర్చోబెట్టే బదులు, వీపుమీద తన చేయి అందనిచోట మందు మీరే రాయండి. తరువాత మీ చేతులకూ రాసుకోండి. బిడ్డతో ఆడుకునే పొరుగు పిల్లల తల్లులకు కూడా చెప్పండి. చెప్పడానికి కాస్త బిడియం ఉంటుంది. కాని చెప్పకపోతే నెల తిరక్కుండా ఆ గజ్జి మళ్ళీ మన గడపే తొక్కుతుంది.