మీ అమ్మ చేతికి కోలలియ్యి

బాన్సువాడ

బిడ్డా,

అమ్మ పేర్లు మరుస్తుందని, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుందని రంది పడకు. ముందైతే డాక్టరుకు చూపించు. బి12 తక్కువైనా, థైరాయిడ్ సరిగ్గ లేకున్నా మతిమరుపు వస్తది. ఆ పరీక్షలైనంక నా మాట విను. అన్ని పనులు నువ్వే చేసిపెట్టి నా చెల్లెను సోఫాలో కూసోబెట్టకు. కోలాటానికి తోలు.

నవ్వకు. న్యూయార్కులోని బ్రాంక్స్‌లో 75 ఏండ్లు దాటిన 469 మందిని ఏండ్ల తరబడి గమనించిన వైద్యులు 2003లో ఒక సంగతి రాసిన్రు. నడక, ఈత, సైకిలు వంటివాటితో డిమెన్షియా ముప్పు తగ్గినట్టు వాళ్లకు తేలలే. ఒళ్లు కదిలే పనుల్ల డాన్సు ఒక్కదానితోనే తగ్గినట్టు కనిపించింది. మెదడు బాగున్నోళ్లే డాన్సుకు పోయిన్రేమో! అందుకే దాన్ని మందని నేననను. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాత్రం పెద్దవయసోళ్లను రెండు జట్లు చేసి 18 నెలలు చూసిన్రు. ఒక జట్టుకు ఎప్పటికప్పుడు కొత్త అడుగులు నేర్పిన్రు, రెండోదానితో మామూలు కసరత్తు చేయించిన్రు. జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోక్యాంపస్ రెండు జట్లలోనూ పెరిగింది. కాళ్ల నిలకడ మాత్రం డాన్సు జట్టుకే మెరుగైంది. ఈ వయసుల జారిపడి తుంటి ఎముక విరిగితే మంచమే గతి గదా, నాకు అదే ముఖ్యమనిపించింది.

అసలు కిటుకు కొత్త అడుగుల్లనే ఉందని నాకనిపిస్తది. జడకోలాటం యాదికి తెచ్చుకో. పైన కట్టిన తాళ్లు తలా ఒకటి పట్టుకొని, ఒకరి ముందు నుంచి ఒకరు దాటుకుంట జడ అల్లుతరు. జడ అల్లుడు సులువే. విప్పేటప్పుడు అవే అడుగులు తిరగేసి వెయ్యాలె. పాట వినాలె, పక్కామె కోల చూడాలె, తనెటు తిరగాలో గుర్తుంచుకోవాలె. ఒక్కరు తప్పితే తాళ్లన్నీ చిక్కుపడతయి. ఇంత పని ట్రెడ్‌మిల్లు చెప్తదా?

ఇట్ల కలిసి ఆడాల్సిన బతుకమ్మ కాడ ఇప్పుడు డీజే పెట్టి, సగం మంది వీడియోలు తీసుకుంట నిలబడుతున్రు. నాకు నచ్చదు. మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాల చిందుల ఎల్లమ్మ ముసలితనంల గూడ చిందు యక్షగానం ఆడింది. మనం యాభై దాటంగనే కుర్చీ అడుగుతున్నం.

అమ్మకు మోకాళ్ల నొప్పులున్నయి గనుక ఎగిరే అడుగులొద్దు. నున్నటి గచ్చు మీద వద్దు, జారే చెప్పులొద్దు. తల తిరిగినా, ఛాతీ బరువెక్కినా ఆపమను. వారానికి రెండు మూడు సాయంత్రాలు చాలు. తోడు మాత్రం ఉండాలె. నలుగురితోటి నవ్వుడు, మాట్లాడుడు గూడ మెదడుకు పనే.

పెత్రమాసకు ఒకరోజు ముందే ఇద్దరూ రాండ్రి. అమ్మకు రాని కొత్త ఆట ఒకటి నేను నేర్పుత. నువ్వు ఫోను లోపల పెట్టి మాతోటి ఆడాలె.

మీ పెద్దమ్మ