6 జీబీలో అట్టబొమ్మ

బెజవాడ గాంధీనగరంలో సినిమా బ్యానర్లు గీసే షెడ్డులో కుర్రవాడిగా చేరి, తర్వాత పుస్తకాల అట్టబొమ్మలకు మారి, నడివయసులో కుంచె పక్కనపెట్టి మౌస్ పట్టుకున్న తరం నాది. మాటల్లో అడిగితే బొమ్మ గీసే స్టేబుల్ డిఫ్యూజన్ 2022 ఆగస్టులో అందరికీ ఉచితంగా విడుదలయ్యాక, నా బల్లమీది కంప్యూటర్‌లోనే బొమ్మలు పుట్టించడం నేర్చుకున్నాను. నా గ్రాఫిక్స్ కార్డులో ఉన్న మెమరీ 6 జీబీ. అంత తక్కువలో అచ్చుకు నిలబడే పెద్ద బొమ్మ ఎలా వస్తుందో ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇప్పుడే మొదలుపెడుతున్న పిల్లలకు ఆ ఆలస్యం తప్పాలని రాస్తున్నాను.

1. కొలత తెలిశాకే పని మొదలుపెట్టు.

డెమీ సైజు పుస్తకం అట్ట ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున లెక్కవేస్తే 1650 × 2550. ఏ4 కాగితం నిండా కావాలంటే 2480 × 3508. రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్సీ చూడటానికి ఎంత పెద్దదైనా, దాన్ని దూరం నుంచే చూస్తారు గనక అంగుళానికి 30, 40 పిక్సెళ్లున్నా సరిపోతుంది. ఈ లెక్క వేసుకోకుండా, ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని కంప్యూటర్‌ను రాత్రంతా నడిపిన రోజులు నాకున్నాయి. అచ్చులో కంటికి ఆనని పిక్సెల్ కోసం పడ్డ పాటు ఎవరికీ అక్కరకు రాదు.

2. పెద్ద బొమ్మను చిన్నదిగానే పుట్టించు.

స్టేబుల్ డిఫ్యూజన్ తొలి మోడళ్లు 512 × 512 కొలత దగ్గర శిక్షణ పొందాయి. వాటిని నేరుగా 1024 × 1536 అడిగితే ఒకే మెడకు రెండు తలలొస్తాయి, నడుము కింద మరో నడుము మొలుస్తుంది. ఆ చిన్న చట్రంలో మనిషిని అమర్చడం అలవాటైన మోడల్‌కు, అంతకు మించి చోటు కనిపిస్తే అదే మనిషిని మళ్లీ మళ్లీ నింపడమే తెలుసు. 2023 జులైలో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ 1024 దగ్గర నేర్చుకుంది కాబట్టి ఆ కొలతలో ఈ ఇబ్బంది తగ్గింది. అంతకు రెండింతలు అడిగితే అదీ తడబడుతుంది.

ఇక మెమరీ సంగతి. స్టేబుల్ డిఫ్యూజన్ పిక్సెళ్ల మీద నేరుగా పనిచేయదు. బొమ్మను పొడవునా వెడల్పునా ఎనిమిదో వంతుకు కుదించిన రూపంలో పనిచేస్తుంది. 512 × 512 బొమ్మ లోపల 64 × 64 గడులుగా ఉంటుంది. మన ఇళ్లలోని కంప్యూటర్ల మీద ఇది నడవడానికి కారణమే ఆ కుదింపు. అయితే అటెన్షన్ అనే దశలో ప్రతి గడీ మిగతా అన్ని గడులతో తనను పోల్చుకోవాలి. 64 × 64 అంటే 4096 గడులు. బొమ్మను రెండు వైపులా రెట్టింపు చేస్తే 16,384 గడులు. పోలికలు మాత్రం పదహారింతలు. బొమ్మ నాలుగింతలే పెరిగింది కదా, ఇంత మెమరీ ఎందుకడుగుతోందని నేను తికమకపడింది ఇక్కడే. ఫ్లాష్ అటెన్షన్ వంటి పద్ధతులు ఆ పోలికలన్నిటినీ ఒకేసారి మెమరీలో పరచకుండా ముక్కముక్కలుగా లెక్కగడతాయి. 2023లో వచ్చిన పైటార్చ్ 2.0 నుంచి ఆ సదుపాయం అందులోనే ఉంది. మెమరీ కలిసొస్తుంది, సమయం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కాబట్టి 512 × 768లో బొమ్మలు ధారాళంగా తీయి. కూర్పు కుదిరినదాన్ని ఎంచుకో. దాన్ని రెండింతలు చేసి, తక్కువ డీనాయిజింగ్‌తో (ఉన్న బొమ్మను ఎంతవరకు మార్చవచ్చో చెప్పే అంకె) మళ్లీ గీయించు. 1024 × 1536 వస్తుంది. ఇంకోసారి రెండింతలు చేస్తే 2048 × 3072. డెమీ అట్టకు అంచులు కోసుకోగా ఇంకా మిగులుతుంది. అట్ట బాగుంటుందా లేదా అన్నది మొదటి మెట్టులోనే తేలిపోతుంది. అక్కడ మనిషి నిలుచున్న తీరు తప్పితే, తర్వాత వెంట్రుక వెంట్రుకా విడిగా కనిపించినా ఆ బొమ్మ బతకదు.

3. మెమరీ ఎటు పోతోందో ముందు చూడు.

ఎస్‌డీఎక్స్‌ఎల్‌లో బొమ్మ గీసే ప్రధాన భాగానికే సుమారు 260 కోట్ల పరామితులు, అంటే అది నేర్చుకున్న అంకెలు, ఉన్నాయి. ఒక్కోదాన్ని 16 బిట్లలో దాస్తే 5.2 జీబీ, 32 బిట్లలో దాస్తే దానికి రెట్టింపు. 6 జీబీ కార్డులో ఇక చోటెక్కడిది? అందుకే ప్రాంప్ట్‌ను, అంటే మనం రాసే వర్ణనను, చదివే భాగాన్ని దాని పని కాగానే మామూలు ర్యామ్‌లోకి పంపేయాలి. ఈ మోడళ్లను నడిపే కంఫీయూఐ అనే సాఫ్ట్‌వేర్ ఈ సర్దుబాటు తనంతట తానే చేసుకుంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఫ్లక్స్ మోడల్‌కు 1200 కోట్ల పరామితులు. 16 బిట్లలో దానికే 24 జీబీ కావాలి. 4 బిట్లకు కుదించిన ప్రతులు ఆరేడు జీబీకి దిగుతాయి. సన్నని వివరం కొంత పోతుంది, కానీ పని జరుగుతుంది.

నన్ను ఎక్కువకాలం ఏడిపించింది చివరి మెట్టు. నూరు శాతం అయిందని చూపించాక మెమరీ చాల్లేదని ఆగిపోయేది. కుదించిన రూపాన్ని పిక్సెళ్లుగా విప్పే వీఏఈ భాగానికి ఆ ఒక్క క్షణంలో చాలా మెమరీ కావాలి. దాన్ని టైల్స్‌గా, అంటే ముక్కముక్కలుగా, విప్పమని ఒక్క మాట చెబితే పోయేదానికి, ఆ సంగతి తెలియక మోడల్ మీద మోడల్ మార్చుకుంటూ పోయాను. ఇంకొకటి: విండోస్‌లో కార్డు నిండాక డ్రైవరు మామూలు ర్యామ్‌ను వాడుకోవడం మొదలుపెడుతుంది. ఏ హెచ్చరికా రాదు, నిమిషంలో అయ్యేది అరగంట పడుతుంది. టాస్క్ మేనేజర్‌లో షేర్డ్ మెమరీ గీత పైకి లేస్తోందేమో చూస్తూ ఉండు.

4. గళ్లలో గీస్తున్నప్పుడు రోడ్డవతలి నుంచి చూడు.

మా షెడ్డులో చిన్న స్టిల్ ఫోటో మీద పెన్సిల్‌తో గళ్లు గీసేవాళ్లం. అవే గళ్లను పెద్ద గుడ్డ మీద అడుగుల్లో గీసుకుని, ఏ గడిలో ఏముందో ఆ గడిలోకి దించేవాళ్లం. గుడ్డకు దగ్గరగా నిలబడ్డవాడికి అది ముక్కో చెంపో తెలిసేది కాదు, కనిపించేది రంగు మాత్రమే. మేస్త్రీ ఉండుండి రోడ్డు దాటి అవతల నిలబడి చూసేవాడు. ఈ చెంప కిందికి జారిందని అక్కణ్నుంచే కేకేసేవాడు.

టైల్ పద్ధతిలో పెంచడమూ ఇదే పని. పెద్ద బొమ్మను 512 లేదా 1024 ముక్కలు చేసి, ఒక్కో ముక్కనే కార్డులోకి తెచ్చి మెరుగుపరచడం. మెమరీ ఒక ముక్కకు సరిపోతే చాలు. కానీ ప్రతి ముక్కకూ అందేది ఒకే ప్రాంప్ట్. చెరువుగట్టున ముసలి రైతు అని రాశావనుకో, డీనాయిజింగ్ ఎక్కువ పెడితే ఆకాశం ముక్కలోనూ ఒక రైతు ముఖం తేలుతుంది. 0.2, 0.3 దగ్గర ఆపు. ప్రాంప్ట్‌లో మనుషుల్ని తీసేసి రంగు, వెలుతురు, గీత తీరు మాత్రమే ఉంచు. ముక్కలు ఒకదాని మీదికొకటి 64 పిక్సెళ్లయినా ఎక్కేలా పెడితే అతుకులు కనపడవు. కంట్రోల్‌నెట్ టైల్ మోడల్ తోడుంటే మూలబొమ్మ చెయ్యిదాటిపోదు. అన్నీ అయ్యాక బొమ్మను అరచేతంత చేసి చూడు. ముక్కముక్కకూ మారిన ఆకాశం రంగు దగ్గరగా చూస్తే దొరకదు, అప్పుడే దొరుకుతుంది.

5. లేని వివరాన్ని యంత్రం వెతికి తేదు, కల్పిస్తుంది.

ఈ పాఠానికి నేను చెల్లించిన మూల్యం నాది కాదు, ఇంకొకరిది. తండ్రి సంవత్సరీకాలకు పటం కట్టించాలని ఒకమ్మాయి పాస్‌పోర్టు సైజు పాత ఫోటో తెచ్చిచ్చింది. స్కాన్ చేసి, ముందు ఒక అప్‌స్కేలర్‌తో నాలుగింతలు పెంచి, తర్వాత డిఫ్యూజన్‌తో మెరుగు పెట్టాను. కళ్లలో వెలుగొచ్చింది, చొక్కా నేత కనిపించింది, చర్మం నునుపైంది. నాకు గర్వంగా అనిపించింది. ఆ అమ్మాయి చాలాసేపు చూసి, “నాన్న కనుబొమ మీద మచ్చ ఏదండీ?” అని అడిగింది. ఫోటోలో అది రెండు మూడు పిక్సెళ్ల మరక. యంత్రం దాన్ని దుమ్మనుకుని తుడిచేసింది. మచ్చ ఒక్కటే అయితే తిరిగి పెట్టగలిగేవాణ్ని. మూలాన్ని పక్కన పెట్టి చూస్తే రెప్పల వాలు మారింది, పెదవి అంచు మారింది. నేను నెల రోజులు చూసినా పట్టుకోలేనివి, కూతురు ఒక్క చూపులో పట్టుకుంది.

అప్‌స్కేలర్ అయినా డిఫ్యూజన్ అయినా చేసేది ఒకటే: తాను చూసిన బొమ్మలనుబట్టి ఇక్కడ ఏముండి ఉండవచ్చో ఊహించడం. కథల పుస్తకం అట్ట మీది అడవికి ఆ ఊహ వరం. శ్రీకాళహస్తి కలంకారీ గీతలకు అది చేటు. కలం ఆగి మళ్లీ సాగిన చోటును నున్నగా చదును చేసేస్తుంది. పోయిన మనిషి ముఖానికైతే అసలు తగదు. అలాంటి ఫోటోను ఉన్నదున్నట్టు మంచి స్కానర్ మీద తీసి, చిన్నదిగానే పటం కట్టించు. ఆ అమ్మాయికి చివరికి అదే చేసిచ్చాను. ముందే చేయాల్సింది.

6. పేరు నీ చేత్తో రాయి.

తొలి మోడళ్లు నేర్చుకున్నది ప్రధానంగా ఇంగ్లీషు వివరణలున్న బొమ్మల మీద. తెలుగు అక్షరం అడిగితే తలకట్టు, వొత్తు ఉన్నట్టే కనిపించే ఏవో వంకరలు గీస్తాయి. బొమ్మలో శీర్షికకు చోటు వదిలించి, అక్షరాలు విడిగా పేర్చు.

7. వాట్సాప్‌లో పంపింది మూలం కాదు.

కంఫీయూఐ, అలాంటిదే అయిన ఆటోమేటిక్1111 తీసే పీఎన్‌జీ ఫైల్లోనే సీడ్ (బొమ్మ ఎక్కడి నుంచి మొదలైందో చెప్పే అంకె), ప్రాంప్ట్, మెట్ల సంఖ్య దాగి ఉంటాయి. ఆ బొమ్మను మళ్లీ పుట్టించే దారి అదే. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కొలత తగ్గుతుంది, ఆ సమాచారమంతా పోతుంది. ప్రచురణకర్తకు నచ్చిన బొమ్మకు ఫోన్‌లోని ప్రతి తప్ప నా దగ్గర ఏమీ మిగలని సందర్భం వచ్చింది. ఆ బొమ్మ మళ్లీ రాలేదు. పీఎన్‌జీలను రెండు చోట్ల దాచు.

8. వేగానికి ముందు చోటు కొనుక్కో.

ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు మొదట 12 జీబీతో వచ్చింది. దానికంటే వేగమైన 3060 టీఐకి 8 జీబీయే ఇచ్చారు. ఆటలాడేవాళ్లకు రెండోది మేలు, మన పనికి మొదటిది. వేగం తక్కువైతే కాసేపు ఎదురుచూస్తావు. మెమరీ చాలకపోతే ఆ మోడల్ అసలు ఎక్కదు. ఇంట్లో అప్పు చేయించి కొనవద్దు, పైన చెప్పిన పద్ధతులన్నీ ఉన్న కార్డు మీద చేసి చూశాకే కొను. 3060కి కనీసం 550 వాట్ల పవర్ సప్లై ఉండాలంటారు. దుకాణానికి వెళ్లేముందు నీ క్యాబినెట్ మూత తీసి, ఉన్న సప్లై ఎంతదో చదివి, కొత్త కార్డు పొడవు అందులో పడుతుందో లేదో టేపుతో కొలుచుకో.