కారుచున్న కుళాయి

వంటయింటి కుళాయి కట్టినను చుక్కలు పడుచున్నచో రాత్రి దాని క్రింద బిందె పెట్టి చూడుడు. సెకనుకు ఒక చుక్క పడినను రోజుకు సుమారు 20 లీటర్లు పోవును. వేసవిలో బోరు అడుగంటు ఊళ్ళలో ఇది చిన్న నష్టము కాదు.

చాలమంది పిడిని ఇంకను గట్టిగా బిగించెదరు. అది తగదు. లోపలి రబ్బరు వాషరు అరిగినందున నీరు కారును. బిగించిన కొలది అది మరింత తెగును.

ముందు ట్యాంకు వద్ద వాల్వు కట్టి, కుళాయి తెరచి గొట్టములోని నీరు పోనిండు. తలభాగపు నట్టుకు గుడ్డ చుట్టి స్పానరుతో ఎడమవైపు త్రిప్పి విప్పుడు. లోపలి బిళ్ళకున్న పాత వాషరును ఊడదీసి, దానినే దుకాణమునకు పట్టుకొని పోయి అదే కొలతది తెండు. సైకిలు ట్యూబు ముక్క పలుచన, నిలువదు. వాషరు కూర్చుండు ఇత్తడి అంచుపై బోరు నీటి సున్నపు పొర పేరుకొన్నచో చింతపండు రసముతో రుద్దుడు. అంచే గాడి పడినచో క్రొత్త వాషరైనను నీటిని ఆపదు, కుళాయినే మార్చవలెను. తల తిరిగి బిగించునపుడు పిడి సగము తెరచి యుంచుడు, లేనిచో వాషరు నలుగును.

నీరు పిడి మొదట ఊరుచున్నచో గ్లాండు నట్టును పావు చుట్టు బిగించి చూడుడు. పావు చుట్టుతోనే తెరచుకొను నేటి కుళాయిలలో ఈ వాషరు సాధారణముగా ఉండదు. పింగాణీ బిళ్ళల కార్ట్రిడ్జిని మొత్తముగా మార్చవలెను.