చక్రములపై సంసారము

విద్యార్థులారా! కుళాయి త్రిప్పినచో నీరు వచ్చును. వాడిన నీరు కాలువలోనికి పోవును. అది ఎచ్చటినుండి వచ్చినదో, ఎచ్చటికి పోయినదో మనము సాధారణముగా ఆలోచింపము. ఈ రెండు ప్రశ్నలను ప్రతిదినమును ఆలోచింపక తప్పని గృహస్థులు అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలరు. వారి ఇల్లు ఒక మోటారుబండి. వంటగది, పడక, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు అందులోనే యుండును. దానిని మోటారు హోమ్ అందురు. విహారమునకై కొలది దినములు అందుండువారు పెక్కుమంది. నెలల తరబడి దానినే నివాసముగా చేసికొన్నవారును కలరు. వారిలో ఉద్యోగ విరమణ చేసినవారు, పనికై ఊరూర తిరుగువారు మాత్రమే కాక, ఇంటి అద్దె భరింపలేక వచ్చినవారును ఉన్నారు. కావున దీనిని కేవలము వినోదమని తలంపరాదు.

నిలుపుట: బండిని నిలిపినంతనే మొదటి పని అది ఏ ప్రక్కకును ఒరుగకుండ చూచుట. నీటిబుడగ మట్టముతో పరీక్షించి, పల్లమున నున్న చక్రముల క్రింద పలకలు పెట్టుదురు. ఇది నిద్రాసుఖమునకు మాత్రమే కాదు. ఇట్టి బండ్లలో పెక్కింట శీతలపేటిక గ్యాసు మంట వేడిమితో పనిచేయును. దాని గొట్టములలోని అమ్మోనియా ద్రావణము తన భారముచేతనే క్రిందికి జారవలెను. బండి మిక్కిలి ఒరిగినచో ద్రావణము నిలిచిపోవును. పేటిక చల్లబడదు, చెడిపోవుటయు కలదు.

నీరు: బండి క్రింద సామాన్యముగా మూడు తొట్లుండును. మొదటిది మంచినీటికి, రెండవది స్నానము చేసిన నీటికి, పాత్రలు కడిగిన నీటికి, మూడవది మరుగుదొడ్డి మలినమునకు. మంచినీటి తొట్టి 40 గ్యాలనులు పట్టునదనుకొందము. అమెరికా గ్యాలను సుమారు 3.785 లీటర్లు, కావున అందు 151 లీటర్ల నీరుండును. దాని బరువు 151 కిలోగ్రాములు. ఇద్దరు మనుష్యులు దినమునకు తలకు 5 గ్యాలనులు వాడినచో అది 4 దినములు వచ్చును. 4 గ్యాలనులు వాడినచో 5 దినములు వచ్చును. అందుచేత సబ్బు రుద్దుకొనునంతసేపు కుళాయి కట్టివేయుదురు. వేడినీరు వచ్చులోపల కారెడు చన్నీటిని గిన్నెలో పట్టి పాత్రలకు వాడుదురు. బిందెతో నీరు మోసిన మన తల్లులకు ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు.

మలినము: ఈ పనిని ఎవరును ఇష్టపడరు, కాని ఎవరో ఒకరు చేయక తప్పదు. చేతులకు తొడుగులు ధరించి, ఇందుకై ఏర్పరచిన స్థలమునకు పోయి, ముందుగా మలినపు తొట్టిని, పిదప స్నానపు నీటి తొట్టిని ఖాళీ చేయవలెను. రెండవ నీరు గొట్టమును కడుగును గనుక ఈ వరుస తప్పరాదు. మలినపు తొట్టి మూతను ఎల్లప్పుడు తెరచియుంచిన ద్రవము పోయి, ఘనము అడుగున గట్టిపడును. ఆ తొట్టి కడిగెడు గొట్టమును త్రాగునీటికి ఎన్నడును వాడరాదు. మలినమును నేలపై విడిచినవాడు తాను వెడలిపోవును; ఆ నీటిదోషము అచ్చట నిలిచినవారిని బాధించును.

విద్యుత్తు, గ్యాసు: విడిదిలోని విద్యుత్ స్తంభము 30 ఆంపియరులు, 120 వోల్టులదైనచో మొత్తము 3600 వాట్లు లభించును. శీతల యంత్రమునకు 1500, నీరు కాచుటకు 1500 అయినపుడు, మూడవ పరికరమైన 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తన వంతుకై వేచియుండవలెను. ప్రొపేను ద్రవము వేడికి వ్యాకోచించును గనుక సిలిండరును 80 శాతమే నింపుదురు. చలికాలమున వంటపొయ్యితో గదిని వెచ్చజేయుట ప్రాణాపాయము. కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. దానిని పసిగట్టు గంట సరిగా మ్రోగుచున్నదో లేదో మీట నొక్కి చూచుకొనుటయు ఇంటిపనులలో నొకటి.

బట్టలు: రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో బండిలో దేశాటనము చేసి, 1962లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను. ఆయన మూతగల బకెట్టులో సబ్బునీరు, బట్టలు వేసి, సాగెడు త్రాటితో వ్రేలాడదీసెను. దారి కుదుపులే బట్టలు ఉతికెను!

నివాసము: ప్రభుత్వపు బంజరు భూములలో సామాన్యముగా 14 దినములకు మించి ఒకేచోట ఉండరాదు. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారులలో మాత్రము 1983 నుండి దీర్ఘకాలపు విడుదులు ఏర్పడినవి. రుసుము చెల్లించి అచ్చట సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు ఉండవచ్చును.

విద్యార్థులారా! ఇల్లు చిన్నదైనంత మాత్రమున పని తగ్గదు. దాగియున్న పని కంటబడును. మన ఇండ్లలోను ఆ పని జరుగుచునే యున్నది. దానిని చేయువారెవరో గమనించి, అందులో మన వంతు మనము చేయవలెను.

అభ్యాసము
1. తొట్లను ఖాళీ చేయు వరుసను కారణముతో వ్రాయుడు.
2. శీతల యంత్రము, నీటికాపు, ఇస్త్రీపెట్టె ఒక్కమారు నడచినచో ఎన్ని వాట్లు మించును?
3. మీ ఇంట ఒక దినము వాడిన నీటిని బిందెలతో కొలిచి, ఒక్కొక్కరికి ఎన్ని లీటర్లో గణింపుడు. ఆ నీటిని ఎవరు తెచ్చిరో కూడ వ్రాయుడు.