వ్యర్థ వాయువు – విద్యుచ్ఛక్తి

రాత్రివేళ ఉక్కు కర్మాగారం మీదుగా ప్రయాణించేవారికి ఎత్తైన గొట్టాల కొసన జ్వాలలు కనిపిస్తాయి. చూపరులకు అవి దీపాలంకారంలా తోచవచ్చు. కర్మాగారం జమాఖర్చులు ఎరిగినవారికి మాత్రం ఆ మంట ఒక నష్టం. వినియోగం దొరకని ఇంధన వాయువు అక్కడ వృథాగా కాలిపోతూ ఉంటుంది.

ఇనుము తయారీకి బ్లాస్ట్ కొలిమిలో పైనుండి ఖనిజాన్ని, కోక్‌ను, సున్నపురాతిని వేసి, కింది నుండి వేడిగాలిని ఊదుతారు. గాలి సోకకుండా కాల్చిన బొగ్గే కోక్. కొలిమి పైభాగం నుండి వెలువడే వాయువులో సుమారు సగం నత్రజని. మండే గుణమున్న కార్బన్ మోనాక్సైడ్ ఐదింట ఒక వంతుకు కాస్త పైన. అందువల్ల ఘనపు మీటరుకు దాదాపు 800 కిలో కేలరీల వేడి మాత్రమే లభిస్తుంది. బొగ్గు కోక్‌గా మారేటప్పుడు వెలువడే వాయువులో హైడ్రోజన్, మీథేన్ అధికం. దాని వేడి 4,000 కిలో కేలరీలకు పైమాటే.

బ్లాస్ట్ కొలిమి వాయువు బలహీనమైనదైనా దాని పరిమాణం అపారం. ఒక టన్ను ఇనుముకు సుమారు 1,500 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది. అందులోని వేడి 12 లక్షల కిలో కేలరీలు. కిలోకు 4,000 కిలో కేలరీలిచ్చే బొగ్గుతో సరిపోల్చితే అది 300 కిలోల బొగ్గుకు సమానం! పైగా కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణాంతకం. దానిని గాలిలోకి వదలరాదు, కాల్చక తప్పదు. ఊరకే కాల్చడమా, పని చేయించుకొని కాల్చడమా అన్నదే ప్రశ్న.

సాధారణ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంధనపు వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలిన దానిలో అధికభాగం చల్లబరిచే నీటిలో కలిసిపోతుంది. టర్బైన్‌ను తిప్పిన ఆవిరిని కర్మాగారంలోని ఇతర పనులకు పంపితే ఆ నష్టం తగ్గుతుంది. ఒకే ఇంధనం నుండి విద్యుత్తును, ఉపయోగకరమైన వేడిని పొందే ఈ విధానమే సహోత్పత్తి. సహోత్పత్తిని ప్రోత్సహించవలసిన బాధ్యతను 2003 నాటి విద్యుత్ చట్టం రాష్ట్ర నియంత్రణ మండళ్లకు అప్పగించింది.

1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఈ ఆలోచన ఆదిలోనే చోటు చేసుకొంది. బొగ్గుతోపాటు ఉపోత్పత్తి వాయువులనూ కాల్చగల బాయిలర్లను అక్కడ నెలకొల్పారు. కణకణలాడే కోక్‌పై నీళ్లు కుమ్మరించి ఆ వేడిని గాలిపాలు చేయడానికి బదులు, నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, 7.5 మెగావాట్ల టర్బైన్లు రెండింటిని తిప్పే ఏర్పాటు చేశారు.

వాయువు ఉచితమే కాని యంత్రాలు ఉచితం కావు. వాయువులోని ధూళిని ముందుగా కడిగివేయాలి. కొలిమికి ఊదే గాలిని వేడిచేయడానికి, కోక్ బట్టీలకు, ఉక్కు దిమ్మెలను కాచే కొలుములకు పోగా మిగిలినదే విద్యుత్ కేంద్రానికి దక్కుతుంది. ఆ మిగులు కూడా నిలకడైనది కాదు. కొలిమి మందగిస్తే వాయువు తగ్గుతుంది. నిల్వ తొట్టెలు కొద్దిసేపటికే సరిపోతాయి. వాయువు తగ్గిన వెంటనే బాయిలర్ బొగ్గుకు మళ్లాలి. లేకుంటే బయటి విద్యుత్తును అధిక ధరకు కొనవలసి వస్తుంది.

మండించకముందే ఈ వాయువు చేత పని చేయించే ఉపాయమూ ఒకటుంది. కొలిమి నుండి అది ఒత్తిడితో వెలువడుతుంది. విశాఖలో గోదావరి, కృష్ణ అని పేరుపెట్టిన తొలి రెండు కొలుములకు ఒక్కొక్కటి 12 మెగావాట్ల వ్యాకోచ టర్బైన్లను అమర్చారు. వాటిని తిప్పేది వాయువు ఒత్తిడే. ఆ పని ముగించుకొన్న వాయువు అటుపై బాయిలర్‌లోనో, మరొక కొలిమిలోనో మండుతుంది.